పోగులతికే చెయ్యి

మగ్గం మీద పడుగు అయిపోవచ్చిందంటే సోలాపూర్‌లోని మా నీలం నగర్‌లో ఒక మనిషి కోసం కబురు వెళ్లేది. ఆయన నేసేవాడు కాదు, కార్ఖానా యజమానీ కాదు. వచ్చి సాంచె (మరమగ్గం) దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చునేవాడు. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, అయిపోతున్న పడుగు కొసలను కొత్త పడుగు కొసలతో పోగుకు పోగు కలిపి మెలిపెట్టేవాడు. వేల పోగులు. పక్క సాంచెలు చెవులు దిబ్బళ్లు పడేలా కొట్టుకుంటున్నా ఆయన తల ఎత్తేవాడు కాదు. ఒక్క పోగు తప్పినా చాదర్ పొడవునా గీత పడుతుంది, ఆ చాదర్‌ను సేటు పక్కకు విసిరేస్తాడు. పని అయ్యాక బూడిద దులుపుకుని, చాయ్ తాగి వెళ్లిపోయేవాడు. సోలాపూర్ చాదర్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కిందని నేను మేధోసంపత్తి క్లాసులో ఏటా చెబుతాను. ఆ పాఠంలో ఎక్కడా ఆయన ప్రస్తావన రాదు.

న్యాయ విభాగంలో నేను ప్రొఫెసర్ని అయిన కొత్తలో అమ్మ ఒక మాట అడిగింది. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"కోర్టుకు పోవంటివి, నల్లకోటు లేదంటివి. మరి ఆడ ఏం జేస్తవ్ రా?"

"పాఠాలు చెప్తనమ్మా."

"అది చిన్న సార్లు గూడ చెప్తరు గదా. పెద్దసారువైనంక ఏం జేస్తవ్?"

నా దగ్గర జవాబు లేదు. మీకు ప్రమోషన్ ఉత్తర్వు ఈ మధ్యే వచ్చి ఉంటే, లేదా వచ్చే ఏడు రాబోతుంటే, ఈ ప్రశ్న మీ ఇంట్లో ఎవరూ అడక్కపోయినా మీరే వేసుకోండి.

నిబంధనల పుస్తకంలో వెతికితే జవాబు దొరకదు. యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి, ప్రొఫెసర్ 14 గంటలు. అంటే ఇరవయ్యేళ్ల పెద్దరికానికి ప్రభుత్వం కట్టిన విలువ వారానికి రెండు గంటలు! అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు పీహెచ్‌డీ చెయ్యొచ్చు, ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది. 2018 నిబంధనలు వీటన్నిటి పైన సీనియర్ ప్రొఫెసర్ అనే మెట్టు కూడా పెట్టాయి. ప్రొఫెసర్‌గా పదేళ్ల అనుభవం ఉండాలి, ప్రొఫెసర్ పోస్టుల్లో పది శాతానికి మించకూడదు. ఎవరు పెద్దో ఈ లెక్కలు చెబుతాయి. ఆ పెద్ద పొద్దున్నే వచ్చి ఏం చెయ్యాలో చెప్పవు.

చెప్పకపోయేసరికి మనం సన్మానాల్లో వెతుక్కుంటాం. మా వైపు సన్మానమంటే టవలూ టోపీ. ప్రొఫెసర్నైన మొదటి ఏడాది మా ఇంట్లో బీరువా నిండా టవళ్లు పోగయ్యాయి. నేసేవాళ్ల ఇంటికే టవళ్లు తెస్తున్నావేంరా అని మా మామ నవ్వాడు. ఆ ఏడాది నేను మొదటి సంవత్సరం విద్యార్థుల క్లాసుకు ఒక్కసారి కూడా వెళ్లలేదు. చిన్నవాళ్లకు అప్పజెప్పాను. పెద్దవాళ్లు పెద్ద క్లాసులు చెప్పాలన్నది మన విశ్వవిద్యాలయాల్లో ఎవరూ రాయని చట్టం, అందరూ పాటించే చట్టం.

ఇది తలకిందుల వ్యవహారం. ఎల్‌ఎల్‌ఎం విద్యార్థి మీరు లేకపోయినా చదువుకుంటాడు. మొదటి ఏడాది మొదటి నెలలో మన వాడల్లోంచి వచ్చిన పిల్ల సంగతి వేరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇక్కడికొచ్చాక ఒక్కసారిగా ఇంగ్లీషు. ఆ పిల్ల ఉండాలా మానుకోవాలా అని తేల్చుకునేది ఆ నెలలోనే. అలాంటి ఒక పిల్లతో నేనేం చేశానో చెబుతాను. తర్వాతి ఏడాది, ఎవరో సెలవు పెడితే తప్పక వెళ్లిన క్లాసులో జరిగిందిది.

కుటుంబ చట్టం పాఠం. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, తడబడే ఇంగ్లీషులో, మధ్యలో మరాఠీ కలిపి అడిగింది. వాళ్ల మేనత్త పెళ్లికి ముందు హక్కసోడ్ పత్రం మీద సంతకం పెట్టిందట. తండ్రి ఆస్తిలో నాకేమీ వద్దు, అంతా అన్నదమ్ములదే అని రాసిచ్చే కాగితం అది. సంతకం పెట్టినందుకు చీర పెట్టారు. అప్పటికి తాత బతికే ఉన్నాడు. అది చెల్లుతుందా అని ఆ పిల్ల ప్రశ్న. నేనేం చేశాను? వదులుకోవడం అనే అర్థంలో ఆమె వాడిన ఇంగ్లీషు మాట తప్పని చెప్పి, సరైన మాట బోర్డు మీద రాశాను. క్లాసు నవ్వింది. ఆమె కూర్చుంది. గంట మోగింది.

రాత్రి నిద్ర పట్టక ఆ ప్రశ్నను మళ్లీ తీశాను. తాత బతికున్నాడంటే, ఆ ఇల్లూ సాంచెలూ ఆయన స్వార్జితమైతే, ఆ రోజుకు మేనత్తకు చేతికి వచ్చిన హక్కేదీ లేదు. రేపు రావచ్చన్న ఆశ ఒక్కటే ఉంది. అలాంటి ఆశను బదిలీ చెయ్యడం కుదరదని ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. దాన్ని వదులుకుంటున్నానని ముందుగా రాసిచ్చిన కాగితానికి అంత బలం ఎక్కడిది? పిత్రార్జితమైతే కథ మారుతుంది. మహారాష్ట్ర 1994లోనే కూతుళ్లకు పుట్టుకతో వాటా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంతకంటే ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా సవరణ తెచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో పని లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. కాబట్టి మేనత్త సంతకం ఏ ఏడాదిది, కాగితం రిజిస్టరైందా లేదా అన్న మాటలు వస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన బి. శివరామయ్య స్త్రీల వారసత్వ హక్కుల మీద 1973లోనే ఒక పుస్తకమే రాశారు. ఆ పిల్ల అడిగినది ఆ స్థాయి ప్రశ్న. నేను దిద్దింది ఒక ఇంగ్లీషు మాట.

మర్నాడు క్లాసుకు వెళ్లి, నిన్న ప్రశ్న సరైనదనీ నేను తప్పు చేశాననీ అందరి ముందూ చెప్పి, ఆ గంటంతా హక్కసోడ్ మీదే మాట్లాడాను. సగం క్లాసు ఇళ్లలో ఆ కాగితం ఉంది. మార్వాడీ పిల్లల ఇళ్లలో ఉంది, మరాఠా పిల్లల ఇళ్లలో ఉంది, మా పద్మశాలీల ఇళ్లలో చెప్పక్కర్లేదు. చిన్న సారు ఇలా తప్పు ఒప్పుకుంటే పిల్లలు చులకన చేస్తారేమోనన్న భయం ఉంటుంది. పెద్ద సారుకు ఆ భయం లేదు. సీనియారిటీ ఇచ్చే నిజమైన సౌకర్యం ఇదొక్కటే అనుకుంటాను, మిగతావన్నీ కుర్చీ కవర్లు.

ఇక చదువు సంగతి. మీ పాత నోట్సు ఎక్కడుందో తెలుసా? నాది పసుపు రంగుకు తిరిగి, అంచులు రాలి, అయినా కంఠతా ఉండేది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. హత్యకు 302 అని ముప్ఫయ్యేళ్లు చెప్పిన నోరు ఇప్పుడు 103 అనాలి. సినిమాల్లో కూడా స్థిరపడిపోయిన 420 కాస్తా 318కి వెళ్లింది. 144 పేరు చెబితే ఊరు ఖాళీ అయ్యేది, ఇప్పుడది 163. మా విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరు యువ అధ్యాపకులు నెల రోజుల్లో అన్నీ పట్టేశారు. నేను పట్టలేదు. ఒకామె దగ్గర సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. మొదటి రెండు రోజులు ఆమెకే ఇబ్బందిగా ఉండేది, "సార్, మీకు నేను చెప్పడమేంటి" అని. మూడో రోజు నుంచి గదమాయించడం మొదలుపెట్టింది.

అయితే ఆ సాయంత్రాల్లో ఒకటి గమనించాను. ఆమెకు కొత్త నంబరు తెలుసు. ఆ నంబరు వెనక ఉన్న పాత తగాదా తెలియదు. 2024 జులైకి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. జిల్లా కోర్టుకు వెళ్లే మన విద్యార్థి ఇంకా చాలా ఏళ్లు ఒకే రోజు రెండు చట్టాల మధ్య తిరగాలి. కొత్త సెక్షన్ పాత సెక్షన్‌లోంచి ఎలా వచ్చింది, దారిలో ఏ మాట జారిపోయింది, ఏది చేరింది అన్నది పోగుకు పోగు కలిపి చూపించగలిగేది పాతదాన్ని బతికినవాళ్లే. ఆమె నాకు నంబర్లు చెప్పింది, నేను ఆమెకు కథలు చెప్పాను.

ఆ కథల్లో ఒకదాన్ని ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. అమ్మ అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబుల్లో అదే గట్టిది.

కొత్త సాక్ష్య చట్టంలో 120వ సెక్షన్ ఉంది. పోలీసు కస్టడీలో ఉన్న స్త్రీ మీద అత్యాచారం లాంటి కేసుల్లో, లైంగిక చర్య జరిగిందని రుజువై, తన సమ్మతి లేదని ఆమె చెబితే, లేదనే కోర్టు అనుకోవాలంటుంది. పాత చట్టంలో ఇది 114ఏ. ఆ 114ఏ ఎక్కణ్ణించి వచ్చింది? 1972 మార్చి 26 రాత్రి మన మహారాష్ట్రలోనే, అప్పటి చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద ఇద్దరు కానిస్టేబుళ్లు అఘాయిత్యం చేశారన్న కేసు. సెషన్స్ కోర్టు వదిలేసింది, బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి శిక్ష వేసింది, 1978 సెప్టెంబరులో సుప్రీం కోర్టు మళ్లీ వదిలేసింది. ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి సమ్మతి ఉన్నట్టే అన్న ధోరణిలో తీర్పు సాగింది.

ఏడాది గడిచింది. 1979 సెప్టెంబరు 16న నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అని వాదిస్తూ రాసిన లేఖ అది. దేశమంతా మహిళా సంఘాలు కదిలాయి. సుప్రీం కోర్టు తీర్పును మార్చుకోలేదు. పార్లమెంటు మాత్రం 1983లో చట్టాన్ని మార్చింది.

ఆ లేఖ మీద సంతకాలు ఎవరివో చూడండి. వాళ్లలో లోతికా సర్కార్ ఢిల్లీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన తొలి మహిళ, 1974 నాటి స్త్రీల స్థితిగతుల కమిటీ నివేదికలో పాలుపంచుకున్న మనిషి. అత్యున్నత న్యాయస్థానాన్ని నేరుగా తప్పుపడుతూ నిన్న మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒంటరిగా ఉత్తరం రాస్తే ఏమయ్యేదో మీకు తెలుసు, నాకు తెలుసు. పూర్తికాలం జీతం తీసుకునే న్యాయ అధ్యాపకుడు వకీలుగా వాదించడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. వకీలు మాత్రం రోజుకు మూడు గంటలకు మించకుండా వచ్చి పాఠం చెప్పి వెళ్లొచ్చు. కాబట్టి కోర్టులో మనకు నోరు లేదు. మనకున్నది కాగితం, దాని కింద పెట్టే పేరు. చిన్నవాళ్లు ఆ పేరును కూడబెట్టుకుంటున్నారు, ఖర్చు పెట్టలేరు. మీరు కూడబెట్టుకోవడం అయిపోయింది. ఎక్కడ ఖర్చు పెడుతున్నారన్నదే ఇక మీ ఉద్యోగం. టవలూ టోపీల సభల్లో పెట్టినా అయిపోతుంది, ఇలాంటి ఉత్తరం కింద పెట్టినా అయిపోతుంది.

పేరు గురించే ఇంకో చేదు మాట. విద్యార్థి రాసిన వ్యాసం మీద గైడు పేరు ముందు వెయ్యడం మన దగ్గర మామూలైపోయింది. నేనూ చేశాను, రెండుసార్లు. అప్పట్లో దాన్ని ఆశీర్వాదం అనుకున్నాను. ఇప్పుడు నాకో పద్ధతి ఉంది. నేను రాయని పేరా ఉన్న వ్యాసం మీద నా పేరు ఉండదు, రెండో స్థానంలో కూడా. బదులుగా చిత్తుప్రతి మొత్తం చదువుతాను, ఎర్ర సిరాతో కాదు, పెన్సిలుతో. సిఫారసు లేఖ అడిగినవాళ్లకు "కష్టపడే విద్యార్థి, క్రమశిక్షణ గలవాడు" అని రాయను. ఆ మాటలు ఎద్దు గురించి కూడా రాయొచ్చు. వాళ్లు క్లాసులో అడిగిన ఒక ప్రశ్నను ఎత్తి రాస్తాను. హక్కసోడ్ అమ్మాయికి రాసిన లేఖలో ఆ మేనత్త చీర కూడా ఉంది.

ఇప్పుడు వాడలోకి వెళదాం. 1987 న్యాయ సేవల చట్టం న్యాయ కళాశాలల్లో సహాయ కేంద్రాలు పెట్టించి నడిపించే బాధ్యతను జాతీయ సంస్థకు అప్పగించింది. కాగితం మీద ప్రతి కళాశాలకూ ఒక కేంద్రం ఉంటుంది. చాలాచోట్ల అది ఒక తాళం, ఒక బ్యానరు, ఏడాదికి ఒక ఫోటో. మా విద్యార్థులను మొదటిసారి నీలం నగర్ తీసుకెళ్లినప్పుడు నేను చేసిందీ అంతే. షామియానా వేయించి, పుస్తకాల మరాఠీలో నలభై నిమిషాలు కార్మిక చట్టాల మీద ఉపన్యాసం ఇచ్చాను. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఓపికగా విన్నారు. చివర్లో ప్రశ్నలడగమంటే ఒక్కరూ అడగలేదు. సామాన్లు సర్దుతుంటే ఒక పెద్దావిడ దగ్గరకొచ్చి తెలుగులో నెమ్మదిగా అంది.

"బిడ్డా, నువ్వు మన ఎంకటమ్మక్క కొడుకువేనా? గట్లయితే ఒకటి అడుగుత. ఇయ్యాల వెయ్యి ఇస్తే అండ్ల శానా ఛాట్ అని తీసి పారేస్తున్రు. పైస ఇయ్యరు. తీసిన బీడీలన్న మాకిస్తరా అంటే అదీ ఇయ్యరు. గది సట్టంల లేదా?"

చట్టంలో ఉంది. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే చూసింది. బీడీలను ఛాట్ చెయ్యడం మీద, వాటి కూలి మీద తగాదా వస్తే ప్రభుత్వం నియమించిన అధికారి తేల్చాలని 39వ సెక్షన్‌లో పెట్టింది. బీడీ యజమానులు ఆ చట్టాన్నే సవాలు చేస్తే 1974లో మంగళూరు గణేష్ బీడీ కేసులో సుప్రీం కోర్టు నిలబెట్టింది. నలభై నిమిషాల ఉపన్యాసంలో ఈ సంగతి నేను చెప్పలేదు. ఆవిడకు కావలసింది అదొక్కటే. ఇప్పుడు ఆ చట్టం కూడా వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లో ఉంది. మళ్లీ అతికే పని.

అప్పటినుంచి షామియానా మానేశాం. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు విద్యార్థులతో వెళ్లి ఎవరింటి అరుగు మీదో కూర్చుంటాం. ముందు చట్టం మాట్లాడం, కాగితాలు చూపించమంటాం. బీడీ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్కు, ఇంటి పన్ను రసీదు. కాగితాల్లో పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది. తెలుగు ఇంటిపేరును మరాఠీ గుమాస్తా తనకు వినబడినట్టు రాస్తాడు, దాన్ని ఇంగ్లీషు కంప్యూటరు ఇంకోలా మారుస్తుంది. సగం కేసులు చట్టం కేసులు కావు, అక్షరాల కేసులు. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. విద్యార్థి దీన్ని చూడాలంటే పెద్ద సారు ముందు నేల మీద కూర్చోవాలి. ఆయన కుర్చీ అడిగితే పిల్లలూ కుర్చీలే అడుగుతారు.

భాష విషయంలో హైదరాబాదు నల్సార్‌లో పాఠాలు చెప్పిన మాడభూషి శ్రీధర్‌ను చూడండి. తర్వాత కేంద్ర సమాచార కమిషనర్ కూడా అయ్యారు. న్యాయశాస్త్రాన్ని తెలుగు పత్రికల్లో, తెలుగు పుస్తకాల్లో మామూలు పాఠకుడికి అందేలా ఏళ్ల తరబడి రాశారు. ప్రమోషన్ లెక్కల్లో అలాంటి రాతకు మార్కులు పెద్దగా రావు. ప్రమోషన్లన్నీ అయిపోయినవాళ్లు ఇంకా మార్కుల కోసం ఎందుకు రాయాలి?

పాలన గురించి ఎక్కువ చెప్పను. కమిటీలు, అక్రెడిటేషన్ ఫైళ్లు, బార్ కౌన్సిల్ తనిఖీలు ఎవరో ఒకరు చెయ్యాలి, చెయ్యండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌ను నిలబెట్టిన మాధవ మీనన్ అక్కడే పాతుకుపోలేదు. దాన్ని వదిలి కలకత్తాలో ఇంకో విశ్వవిద్యాలయాన్ని మొదలుపెట్టారు, తర్వాత భోపాల్‌లో న్యాయమూర్తుల అకాడమీకి వెళ్లారు. ఆయన వెళ్లాక కూడా బెంగళూరు నడిచింది. విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వెళ్లిన ఆర్. వెంకటరావు 2009 నుంచి 2019 దాకా దానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. మన విభాగాల్లో అధ్యక్షపదవి తాళంచెవిని జేబులో పెట్టుకుని రిటైరయ్యే రోజు దాకా తిరిగేవాళ్లే ఎక్కువ.

మొన్న ఆ హక్కసోడ్ అమ్మాయి ఫోన్ చేసింది. 2025 ఆగస్టు నుంచి బొంబాయి హైకోర్టు కొల్హాపూర్ బెంచి సోలాపూర్ కేసులు కూడా వింటోంది. అక్కడ ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిందట. "సార్, ఇక్కడ నా ఇంగ్లీషు ఎవరూ దిద్దడం లేదు" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

జూన్ వస్తోంది. మీ విభాగంలో టైమ్‌టేబుల్ కాగితం బల్ల మీదకు వచ్చినప్పుడు, దయచేసి మొదటి సంవత్సరం సోమవారం మొదటి గంట గడిలో మీ పేరు మీరే రాసుకోండి.